నీలం గేటు ఇల్లు

అరకులోయలో మబ్బుకి మర్యాద తెలియదు. తలుపు తట్టదు, చెప్పులు విప్పదు. ఉదయం ఏడింటికి ప్రసన్న వంటింటి కిటికీ తెరిస్తే నేరుగా లోపలికి వచ్చేసి, పోపుల డబ్బా పక్కన కాసేపు కూర్చుని, ఆరిన బట్టల్ని మళ్ళీ తడిపి, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోతుంది. పెళ్ళై బొబ్బిలి నుంచి వచ్చిన కొత్తలో ప్రసన్న దాన్ని చూసి మురిసిపోయేది. పద్దెనిమిదేళ్ళు గడిచాక ఇప్పుడు అప్పడాలు మెత్తబడతాయని కిటికీ మూసేస్తుంది. మూసే ముందు మాత్రం ఒక్క క్షణం ఆగి చూస్తుంది. ఆ క్షణం సంగతి భర్త వరహాలరావుకి ఎప్పుడూ చెప్పలేదు. ఆయనది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. మబ్బంటే ఆయనకి నాలుగు గ్రామాల ఫిర్యాదులు.

ప్రసన్న హోమ్ సైన్సులో డిగ్రీ చేసింది. ఆ డిగ్రీ చాలా ఏళ్ళు బీరువాలో పట్టుచీరల కింద సుఖంగా పడుకుంది. రెండేళ్ళ కిందట కృపావతి అనే పిల్లల డాక్టరు ఒక పరిశోధన పని మీద విశాఖపట్నం నుంచి కొండెక్కి వచ్చినప్పుడు దానికి మెలకువ వచ్చింది. కొండ మీది ఊళ్ళలో కొందరు పిల్లలు ఎంత తిన్నా ఎదగడం లేదు. పొట్ట ఉబ్బు, ఆగని విరేచనాలు, అగ్గిపుల్లల్లాంటి చేతులు. నులిపురుగుల మందు వేసినా అంతే, గుడ్డు పెట్టినా అంతే. వాళ్ళలో ఎవరికైనా సీలియాక్ ఉందేమోనని డాక్టరు అనుమానం. గోధుమలో ఉండే గ్లూటెన్ పడక, ఒంటిని కాపాడాల్సిన శక్తే చిన్నపేగు మీద తిరగబడే జబ్బు అది. గోధుమ పండని కొండల్లో గోధుమ జబ్బేమిటని మొదట అందరూ నవ్వారు. గోధుమ పండకపోయినా బిస్కెట్లు బాగానే పండుతున్నాయని డాక్టరు కిళ్ళీకొట్టులో వేలాడే పొట్లాల దండల వైపు చూపించింది.

పని పంచుకున్నారు. డాక్టరు పిల్లల రక్తం తీస్తుంది. వాళ్ళు ఏం తిన్నారో ప్రసన్న ఇంటింటికీ వెళ్ళి డైరీలో రాస్తుంది. పక్కింట్లో ఏం కూర వండారో కనుక్కోవడానికి ఆడమనిషికి ఇంత గౌరవంగా ఉద్యోగం ఇస్తారని తను కలలో కూడా అనుకోలేదని ప్రసన్న చెల్లెలికి ఫోన్‌లో చెప్పింది.

వందలాది పిల్లల్లో నలుగురికి జబ్బు తేలింది. ఆ నలుగురిలో ఒకతె ఉసిరిపుట్టు అనే ఊరి గుంట రాజకుమారి.

ఆరేళ్ళ పిల్ల. చూస్తే నాలుగేళ్ళే అనిపిస్తుంది. తల్లీ తండ్రీ అనంతగిరి వైపు కాఫీ తోటల్లో పని చేసుకుంటూ పది రోజులకోసారి వస్తారు. పిల్లని పెంచేది నాయనమ్మ సోములమ్మ. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడిన ఆ నాలుగు మాటలూ ఎదుటివాళ్ళు ఇంటికెళ్ళాక గుర్తొస్తాయి.

పేగు ముక్క పరీక్షకి పిల్లని విశాఖపట్నం తీసుకెళ్ళినప్పుడు ప్రసన్న కూడా వెళ్ళింది. కిరండూల్ రైలు సొరంగంలోకి దూరుతూ, బయటపడుతూ, మళ్ళీ దూరుతూ కొండ దిగుతోంది. చీకటి, వెలుగు, చీకటి. ఒడిలో రాజకుమారి తల వెచ్చగా ఉంది. ప్రసన్నకి కునుకు పట్టింది. ఆ కునుకులో సొరంగం గోడలు రాతివి కావు. మెత్తగా, గులాబీ రంగులో, తడిగా ఉన్నాయి. గోడ నిండా సన్నటి వెంట్రుకల్లాంటి మొలకలు గాలికి ఊగుతున్నాయి. ఒకచోటికి వచ్చేసరికి మొలకలు లేవు. నున్నటి నేల. రైలు అక్కడ ఆగింది. ఎవరో "దిగాలి" అన్నారు. దిగడానికి కాళ్ళకి చెప్పులు లేవు.

నిద్ర లేచేసరికి శివలింగపురం వచ్చింది. పేగు లోపలి గోడ ఎలా ఉంటుందో డాక్టరు బొమ్మ గీసి చెప్పి అప్పటికి వారమైంది. చదువుకున్న పాఠం ఆవిడకి పరీక్ష అయిపోయాక కలలోకి రావడం కాలేజీ రోజుల నుంచీ అలవాటే.

ఆసుపత్రిలో పిల్లకి మత్తిచ్చి నోట్లోంచి సన్నటి గొట్టం దింపి చూశారు. తెలివొచ్చాక అరగంట సేపు రాజకుమారి నాయనమ్మని గుర్తుపట్టలేదు. "నువ్వెవరు?" అని అడిగింది. సోములమ్మ ఆ అరగంటా మంచం కోడు పట్టుకుని నిలబడింది. తర్వాత పిల్ల "మామ్మా" అన్నాక కింద కూర్చుంది.

కృపావతి కంప్యూటర్లో రెండు బొమ్మలు చూపించింది. ఒకటి మంచి పేగు: పొడుగ్గా, ఒత్తుగా, గాలి వస్తే ఊగేటట్టున్న మొలకలు. రెండోది రాజకుమారిది. సోములమ్మ తెర దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసింది.

"సోడి సేను," అంది మొదటిది చూసి. రాగుల్ని ఆ కొండల్లో చోడి అంటారు. రెండోదాని మీద వేలు పెట్టింది. "ఇది కోసీసిన సేను. మల్లీ మొలుస్తాదా?"

"గోధుమ పూర్తిగా ఆపేస్తే మొలుస్తుందమ్మా. ఒక్క ముక్క కూడా పెట్టకూడదు."

"పోడు కొండని ఒగ్గీసినట్టే," అంది సోములమ్మ. "ముట్టకుండా ఉంటే అడివే వస్తాది." తను గంట సేపు చెబుదామని తయారుచేసుకున్న పాఠం ఏడు మాటల్లో అయిపోయేసరికి డాక్టరు కాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి రాజకుమారికి బిస్కెట్ బంద్, బన్ను బంద్, రంగురంగుల పొట్లాల నూడుల్స్ బంద్. పిల్ల మూడు రోజులు అన్నం ముట్టలేదు. చోడి అంబలి ముందు పెట్టుకుని దాన్ని పగవాణ్ణి చూసినట్టు చూసేది. ప్రసన్నకి తెలిసిన ఓదార్పు ఒకటే, అదీ వంటింట్లోదే. మర్నాడు మిరియాలు, జీలకర్ర, ధనియాలు, కందిపప్పు వేయించి, తన అలవాటు కొద్దీ దండిగా ఇంగువ వేసి చారుపొడి కొట్టి, ఒక గాజు సీసాలో పోసి ఇచ్చింది. "అంబలిలో చిటికెడు వేసుకో. కడుపుకి మంచిది" అని చెప్పింది. కడుపునొప్పి వస్తే పసిపిల్లల బొడ్డు చుట్టూ ఇంగువ రాసే ఇంట్లో పుట్టిందాయె. అంబలి గిన్నె ఖాళీ అయింది. నెలకోసారి సీసా నింపి ఇవ్వడం ప్రసన్నకి ఆనవాయితీ అయింది.

ఉసిరిపుట్టు ప్రసన్నకి నచ్చింది. వారానికి రెండుసార్లు జీపు దిగి, కాఫీ మొక్కల మధ్య దారిలో నడిచి వెళ్ళేది. మార్చిలో ఆ మొక్కలు పూస్తాయి. ఒక్క రాత్రిలో కొండ వాలంతా తెల్లబడి, మల్లెపూలు అద్దెకి తెచ్చుకున్నట్టు ఘుమఘుమలాడి, వారానికి మళ్ళీ ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలు. వాటి మీద నించి జారే నీటిచుక్కలు. ఆ దారిలో నడుస్తున్నంతసేపూ తను వేరే ఎవరి కథలోనో ఉన్నట్టుండేది.

గుమ్మం ముందు కూర్చుని డైరీ తీసేది. సోములమ్మ చెప్పేది: పొద్దుట అంబలి, మధ్యాహ్నం బడి భోజనం, సాయంత్రం సామ అన్నం, గుమ్మడికాయ కూర, చిక్కుడు గింజలు. ప్రసన్న గళ్ళలో రాసేది. ఆ పక్కన పిల్ల అల్లరి చేయకుండా దానికో బొమ్మలు వేసుకునే పుస్తకం, రంగుపెన్సిళ్ళు ఇచ్చింది. "నువ్వు కూడా ఏం తిన్నావో బొమ్మ వెయ్యి" అని చెప్పింది. రాజకుమారి నిజాయితీగా వేసేది. గుండ్రంగా అంబలి గిన్నె, నారింజ రంగులో గుమ్మడి, పసుపు పచ్చ కన్నున్న గుడ్డు. ప్రతి పేజీలోనూ ఓ మూల చిన్న ఇల్లు, దానికి నీలం గేటు.

అరకులో నీలం గేటున్న ఇల్లు ప్రసన్నది. విశాఖపట్నం రైలెక్కే ముందు రాత్రి పిల్ల అక్కడే పడుకుంది. ఆవిడకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ పుస్తకాలు డాక్టరుకి పంపలేదు. పంపాల్సినవి గళ్ళు నింపిన కాగితాలే. బొమ్మల్ని ఇంటికి తెచ్చి వరహాలరావుకి చూపించింది. ఎదురింటావిడకి చూపించింది. చూడటానికి ఇంకెవరూ లేనప్పుడు తనే చూసుకుంది. "పిల్లకి నేనంటే ప్రాణం" అంది ఒకసారి. వరహాలరావు బొమ్మ తిప్పి చూసి, గేటు దగ్గర కరెంటు స్తంభం వేయలేదని లోపం చెప్పాడు.

పది నెలలు గడిచాయి. మిగతా ముగ్గురు పిల్లలకీ రక్తంలో జబ్బు ఆనవాలు చూపే అంకె దిగిపోయింది. రాజకుమారిది మొదట రెండు వందల పైచిలుకు ఉండేది. బిస్కెట్లు ఆపాక నూట అరవైకి దిగింది. అక్కడ కూర్చుంది. మళ్ళీ తీశారు, నూట యాభై ఎనిమిది. ఎత్తు అర అంగుళం కూడా పెరగలేదు.

కృపావతి జీపు దిగి వచ్చి, గోధుమ ఎక్కడి నించో వెళ్తోందని నెమ్మదిగానే చెప్పింది. మూడు వారాల్లో అది ఎక్కడో తేలితే సరే. తేలకపోతే పిల్లకి మళ్ళీ గొట్టం వేసి చూడాలి. గోధుమ ఆపినా తగ్గని రకం జబ్బయితే గట్టి మందులు మొదలుపెట్టాలి. ఆ మందులు ఎదిగే పిల్లకి మంచివి కావు.

సోములమ్మ విని తల అడ్డంగా ఊపింది. "మల్లీ గొట్టం ఏయించను. నన్నెవరని అడిగింది గుంట. రాసుకో అమ్మా, ఏటి రాసుకుంటావో. దాన్ని కొండ దింపను."

అంటే పరిశోధన లోంచి తప్పుకున్నట్టే. తప్పుకుంటే పిల్ల పేగు అలా కోసేసిన చేనులాగే ఉండిపోతుంది. ఆ గోధుమ ఎక్కడిదో కనిపెట్టాలని ప్రసన్న బయల్దేరింది.

వెతికింది. బడికెళ్ళి వంట చేసే కుండల్లో తొంగి చూసింది. పళ్ళు తోముకునే పేస్టు గొట్టం మీది అక్షరాలు చదివింది. కిళ్ళీకొట్టు పైడయ్యని పోలీసులా నిలదీసింది. ఆయన తన దండల్లోంచి ఒక్క పొట్లం కూడా ఆ పిల్ల చేతికి వెళ్ళలేదని దుకాణం మీద ఒట్టేశాడు. సిగ్గు విడిచి పిల్ల గౌను జేబులు తడిమింది. రెండు గోళీలు, ఒక ఎండిన పేడపురుగు దొరికాయి. పేడపురుగుని కూడా ఒకసారి అనుమానంగా చూసింది.

చివరికి చేయకూడని పని చేసింది. సోములమ్మని సూటిగా అడిగింది.

"నిజం చెప్పమ్మా. పిల్ల ఏడుస్తుంటే చూడలేక బిస్కెట్ పెడుతున్నావా?"

సోములమ్మ చాటలో సామలు చెరుగుతూనే ఉంది. ఊక ఎగిరి ప్రసన్న చీర మీద పడుతోంది. కాసేపటికి లేచి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, మళ్ళీ కూర్చుని చెరిగింది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

మబ్బు దిగింది. ఎదురుగా ఉన్న చెట్లు ఒక్కొక్కటిగా చెరిగిపోయాయి. ప్రసన్న పక్కన బొమ్మ వేసుకుంటున్న రాజకుమారి వైపు తిరిగింది. గిన్నె వేసింది. గుమ్మడి వేసింది. ఇప్పుడు నీలం పెన్సిల్ తీసింది.

"మా ఇల్లు రోజూ ఎందుకేస్తావే?" అని అడిగింది. ఆ పూట కాస్త ప్రేమ మాట వినాలనిపించింది.

"రోజూ తింతాను కదా ఆంటీ."

"ఇల్లు తింటావా?"

"అంబలిలో ఏసుకుంటాను," అంది పిల్ల గేటుకి రంగు వేస్తూ. "మామ్మ చిటికెడే ఏస్తాది. నాను రెండు ఏసుకుంటాను. బడికి కూడా పొట్లం కట్టుకుంటాను."

లోపలికి పరుగెత్తి గాజు సీసా తెచ్చి చూపించింది. నెల కాకముందే అడుగంటింది.

ప్రసన్న డైరీ వెనక్కి తిప్పింది. పది నెలల గళ్ళు. అంబలి ఉంది, గుమ్మడి ఉంది, చిక్కుడు గింజలున్నాయి. చారుపొడి ఎక్కడా లేదు. తను రాయలేదు; సోములమ్మ చెప్పలేదు.

"ఇది ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అంది నెమ్మదిగా.

సోములమ్మ చాట ఆపింది. "ఇచ్చినోలు ఎదురుగుంటే ఇచ్చింది ఎలాగ ఎత్తుతామమ్మా? అయిపోయింది, మల్లీ ఇయ్యి అన్నట్టుండదా. మా ఇళ్ళల్లో అనం."

డైరీ రాసింది ఇంకెవరైనా అయితే మొదటి రోజే ఆ మాట గళ్ళోకి వచ్చేది. ఇచ్చిన మనిషే రాయడానికి కూర్చుంది. తన వంటిల్లు కూడా పరిశోధనలోకి వస్తుందని ఆవిడకి తట్టలేదు. తన చారుపొడిలో గోధుమ లేదు కదా. మిరియాలు, జీలకర్ర, ధనియాలు, పప్పు, ఇంగువ. అన్నీ కడుపుకి మంచివే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పోపుల గట్టు మీద నించి ఒక్కో డబ్బా తీసి అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. ఆ ఊరి తల్లులందరినీ కూర్చోబెట్టి, పొట్లం వెనక చిన్న అక్షరాలు చదివాకే పిల్లలకి పెట్టాలని గంటన్నర పాఠం చెప్పిన మనిషి పద్దెనిమిదేళ్ళుగా కొంటున్న ఇంగువ డబ్బాని ఒక్కసారీ తిప్పి చూడలేదు. చీమల బారులాంటి అక్షరాలు. వరహాలరావుని పిలిచింది. కుర్రతనంలో మీటర్ల రీడింగులు తీసిన కళ్ళు ఆయనవి.

ఆయన డబ్బాని దీపం కిందకి జరిపి చదివాడు. "తినే జిగురు. గోధుమ పిండి. ఇంగువ." మళ్ళీ తిప్పి చూశాడు. "వరసలో ఇంగువ మూడోది. మనం ఇన్నాళ్ళూ ముందు పిండే కొన్నాం."

ప్రసన్న స్టూలు మీద కూర్చుంది. కిటికీ తెరిచే ఉంది. మబ్బు వచ్చి పక్కనే కూర్చుంది. ఆవిడ లేవలేదు, కిటికీ మూయలేదు. అప్పడాలు మెత్తబడ్డాయి.

కృపావతికి ఫోన్ చేసి, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. డాక్టరు అంతా విని, తన ఫారంలో వండేవాళ్ళ పేరు రాసే గడి ఉందిగానీ రాసేవాళ్ళు ఏం పెట్టారన్న గడి లేదని, అది ఫారం తప్పని అంది. మూడు వారాల గడువు ఆరు నెలలకి పెంచింది. ఫోన్ పెట్టేశాక ప్రసన్నకి అర్థమైంది, డాక్టరు చెప్పనిది ఏమిటో: ఉసిరిపుట్టు వెళ్ళి చెప్పాల్సింది తనే.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇచ్చింది ఇచ్చినవాళ్ళే తిరిగి అడిగినా, పారేయమన్నా ఆ ఊళ్ళో దాన్ని తెగతెంపులంటారు. అలాంటి మాట తర్వాత రెండు ఇళ్ళ మధ్య నిప్పు కూడా మారదు. సీసా మాత్రం ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండటానికి వీల్లేదు. దారి పొడుగునా, కాఫీ మొక్కల మధ్య, ప్రసన్న మాటలు కూర్చుకుంటూ, కూర్చినవి పారేస్తూ నడిచింది.

గుమ్మం ముందు కూర్చుని, డైరీ తీయకుండా, మొత్తం చెప్పేసింది. తప్పు తనదని, బిస్కెట్ అని నోరు జారడం అంతకన్నా పెద్ద తప్పని చెప్పింది. సోములమ్మ నేల వైపు చూస్తూ విన్నది. రాజకుమారి పేగు మొలవకుండా పది నెలలు ఆపింది ఎవరో ఆవిడకి ఇప్పుడు తెలుసు.

"మంచికే ఇచ్చేవు," అంది చివరికి సోములమ్మ.

"అమ్మా, ఇవాళ నేను మీ ఇంటికి చుట్టంగా వచ్చాను," అంది ప్రసన్న. "చుట్టం వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి చేతిలో పెడతారు కదా. నాకేదైనా పెట్టు. ఆ సీసాలోదైనా సరే."

సోములమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. ముందు కళ్ళు నవ్వాయి, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత పళ్ళు కనిపించాయి. "ఊరిది నేర్సీసేవు," అంది. లోపలికి వెళ్ళి సీసా తెచ్చి, దాని మీద ఒక లేత సొరకాయ పెట్టి, రెండు చేతులతో ఇచ్చింది. ఇచ్చిన సీసా అలా కట్నంగా తిరిగొచ్చింది. ఎవరి మర్యాదా చెడలేదు.

మర్నాడు ప్రసన్న మిరియాలు, జీలకర్ర కొనుక్కుని మళ్ళీ వెళ్ళింది. తన మిక్సీలో నిన్నటిదాకా గోధుమ నూక ఆడింది కాబట్టి, సోములమ్మ రోట్లోనే దంచారు. ఇంగువ లేదు. ఇంగువ లేని చారు వేడినీళ్ళతో సమానమని జీవితమంతా వాదించిన మనిషి రుచి చూసి, బాగానే ఉందని ఒప్పుకుంది. పూర్తిగా కాదు, సగం.

వానలు పడ్డాయి. పోడు కొండ మీద చోడి మొలిచింది. ఒకరోజు మధ్యాహ్నం సోములమ్మ అరుగు మీద కూర్చుని ఆ వాలు చూస్తూ చూస్తూ ప్రసన్న కునికింది. మళ్ళీ అదే సొరంగం, అదే రైలు. నున్నటి నేల దగ్గర రైలు ఆగింది. దిగింది. కాళ్ళ కింద ఏదో చక్కిలిగింత పెట్టింది. వంగి చూస్తే గులాబీ రంగు మొలకలు, గోరంత ఎత్తున. తొక్కకూడదని ఒంటికాలి మీద నిలబడింది. అలా ఎంతసేపు నిలబడిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి కాలు తిమ్మిరెక్కింది.

ఆరు నెలలకి రక్తం తీశారు. ముప్ఫై ఎనిమిది. కృపావతి అంకె రెండుసార్లు చదివి, కాగితం మడిచి, గొట్టం అక్కర్లేదని సోములమ్మకి చెప్పింది. గోడకి నిలబెట్టి కొలిస్తే రాజకుమారి ఒకటిన్నర అంగుళాలు పెరిగింది. పరిశోధన ఫారంలో కొత్త గడి ఒకటి వచ్చింది: 'రాసేవారు ఇచ్చిన పదార్థాలు.' అది ఎవరి వల్ల వచ్చిందో ఫారం మీద రాయలేదు. డాక్టరు మర్యాదస్తురాలు.

బొమ్మల్ని కూడా ఇప్పుడు డాక్టరుకి పంపుతున్నారు. గిన్నె, గుమ్మడి, గుడ్డు, రోలు. నీలం గేటు లేదు. పేజీలు తిప్పుతుంటే ప్రసన్నకి పరిశోధనకి మంచిదే అనిపించేది, ఎక్కడో పంటి కింద రాయిలా కూడా ఉండేది. పద్దెనిమిదేళ్ళలో ఒక్కరే ఆవిడ ఇంటి బొమ్మ వేశారు. అదీ మందుచీటీలో మందు పేరు రాసినట్టు వేశారని తేలింది.

కార్తీకంలో ఒకరోజు గుమ్మం ముందు కూర్చుని గళ్ళు నింపుతోంది. మబ్బు దిగి, ఎదురింటి కప్పు దాకా వచ్చి ఆగింది. రాజకుమారి గిన్నె వేసింది, సామ అన్నం వేసింది. తర్వాత నీలం పెన్సిల్ తీసి, పేజీ మధ్యలో పెద్ద గేటు వేసింది. దాని వెనక ఇల్లు. గేటు పక్కన ఈసారి కరెంటు స్తంభం కూడా ఉంది.

ప్రసన్న పెన్ను చేతిలో ఆగిపోయింది.

"ఇదేటే? ఏం తిన్నావు?"

పిల్ల ఆవిడ వైపు, ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది.

"ఇది తినీది కాదాంటీ. ఉత్తినే ఏసేను."

గళ్ళ కాగితం చివర 'ఇతర వివరాలు' అని చిన్న జాగా ఉంటుంది. ప్రసన్న అందులో గుండ్రటి అక్షరాలతో, నీలం గేటు ఇల్లు, ఆహారం కాదు, అని రాసి సంతకం పెట్టింది.